చూడని పాసేజ్‌ను చదివేదెలా?

పన్నెండో తరగతి ఇంగ్లీషు కోర్ ప్రశ్నపత్రం తెరవగానే ముందుగా కనిపించేది రీడింగ్ విభాగం. రాతపరీక్ష మొత్తం 80 మార్కులు. ఇప్పటి సిలబస్ ప్రకారం అందులో రీడింగ్‌కు 22, రచనకు 18, సాహిత్యానికి 40. అంటే నాలుగో వంతుకు మించిన మార్కులు మన పుస్తకాల్లో ఎక్కడా లేని రెండు పాసేజ్‌ల మీద ఆధారపడి ఉన్నాయి. మొదటిది ఒక విషయాన్ని వివరించేదో, వర్ణించేదో, సాహిత్యపరమైనదో అయి ఉంటుంది. రెండోదానిలో మామూలు వాక్యాలతో పాటు పట్టికో, చార్టో, అంకెలో ఉంటాయి. రెండూ కలిపి 700 నుంచి 750 పదాలు.

ఫ్లెమింగో, విస్టాస్ పాఠాలకు అందరం నోట్సు రాసుకుంటాం, పాత ప్రశ్నలు చూస్తాం. రీడింగ్ మాట వచ్చేసరికి "దానికి చదివేదేముంది, సమాధానం అక్కడే ఉంటుంది కదా!" అనేవాళ్లే ఎక్కువ. సమాధానం అక్కడే ఉంటుందన్న మాట నిజమే. కష్టమంతా ఆ మాటలోనే ఉంది. అక్కడ ఉన్నదాన్ని, అక్కడ ఉన్నంత మేరకే తీసుకోవాలి. పాసేజ్ చెప్పినదానికీ మనకు ముందే తెలిసినదానికీ మధ్య గీత గీయడం నేర్చుకుంటే రీడింగ్ సాధన సగం అయినట్టే. పన్నెండో తరగతిలో మేము చేస్తున్న సాధనలో పనికొచ్చిన సంగతులను కింది తరగతుల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇక్కడ చెబుతున్నాం.

మనకు ఇది ఎందుకు ముఖ్యం?

అమ్మకో నాన్నకో బదిలీ అయితే మనలో ఒకరు విశాఖపట్నం నుంచి జోర్హాట్‌కు, ఇంకొకరు సికింద్రాబాద్ నుంచి జోధ్‌పూర్‌కు వెళ్లిపోతారు. కొత్త తరగతిలో పాఠం ఎక్కడిదాకా వచ్చిందో, అంతకుముందు ఏ నోట్సు ఇచ్చారో తెలుసుకునేసరికి కొన్ని వారాలు గడిచిపోతాయి. రీడింగ్ విభాగంలో ఆ తేడా లేదు. ఆ పాసేజ్‌ను తరగతిలో ఎవరూ ముందుగా చూసి ఉండరు. ఏడాది మధ్యలో చేరినవారికీ, ఒకటో తరగతి నుంచి అదే బడిలో ఉన్నవారికీ అది ఒకేలా కొత్త. బదిలీ వల్ల ఏ మాత్రం నష్టం జరగని మార్కులు ఇవి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇంట్లో తెలుగు, ఆటస్థలంలో హిందీ, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడేస్తున్నాం కాబట్టి చదవడం కూడా వచ్చేసినట్టేనని మనకు అనిపిస్తుంది. మాటల్లో అర్థం కాకపోతే ఎదుటివారి ముఖం చూసి, మళ్లీ అడిగి తెలుసుకోవచ్చు. కాగితం మీది వాక్యాన్ని అలా అడగలేం. అది ఏమంటున్నదో దాని మాటల నుంచే రాబట్టాలి.

ఒక పాసేజ్‌ను విప్పి చూద్దాం

చెరువుల మీద ఒక ఇంగ్లీషు పాసేజ్ వచ్చిందనుకుందాం. దాని సారాంశం తెలుగులో ఇది:

కాకతీయుల కాలంలో, 13వ శతాబ్ద ప్రాంతంలో, ఇప్పటి తెలంగాణలో పాకాల, రామప్ప వంటి పెద్ద చెరువులు వెలిశాయి. వాటితో పాటు పల్లెల్లో చిన్న చెరువులు ఒకదాని కింద ఒకటి గొలుసులా ఉండేవి. పై చెరువు నిండాక మిగిలిన నీరు అలుగు మీదుగా కింది చెరువుకు చేరేది. వేసవిలో చెరువులో పేరుకున్న పూడిక మట్టిని రైతులు తవ్వి పొలాలకు తోలుకునేవారు. ఊరు చెరువును చూసుకుంటే చెరువు ఊరిని చూసుకునేది. అయితే కాలక్రమంలో ఆ అలవాటు తగ్గి, చాలా చెరువులు పూడిపోయాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పునరుద్ధరణ మొదలుపెట్టింది. యంత్రాలు పూడిక తీయగలవు; ఆ పని ఎంత కాలం నిలుస్తుందన్నది మాత్రం ఊళ్ల చేతుల్లో ఉంది.

ముందు మాటల సంగతి చూద్దాం. ఈ పాసేజ్ ఇంగ్లీషులో ఉంటే చెరువును 'ట్యాంక్' అంటారు. కంటోన్మెంట్‌లో పెరిగిన వారికి ఆ మాట వినగానే యుద్ధ ట్యాంకు గుర్తొస్తుంది. క్వార్టర్స్‌లో ఉండేవారికి మేడ మీది నీళ్ల ట్యాంకు గుర్తొస్తుంది. నిండడం, నీరు కిందికి పారడం, పొలాలు అనే మాటలు చుట్టూ ఉన్నాయి కాబట్టి ఇక్కడ అది చెరువేనని తేలుతుంది. 'బండ్' అంటే చెరువు కట్ట. హైదరాబాద్‌లోని ట్యాంక్‌బండ్ పేరులో ఈ రెండు మాటలూ ఉన్నాయి. 'వియర్' అంటే అలుగు. తెలంగాణలో మత్తడి అని కూడా అంటారు. 'సిల్ట్' అంటే పూడిక. ఈ నాలుగు మాటల్లో ఏదైనా తెలియకపోతే ఆగిపోనక్కరలేదు. దాని ముందు వాక్యాన్ని, వెనుక వాక్యాన్ని చూసి ఆ మాట ఏ పని చేస్తున్నదో పట్టుకుంటే చాలు.

ఇప్పుడు నాలుగు రకాల ప్రశ్నలు వేసుకుందాం.

మొదటి రకం నేరు ప్రశ్న. పూడిక మట్టిని రైతులు ఏం చేసేవారు? పొలాలకు తోలుకునేవారు. సమాధానం ఒకే వాక్యంలో ఉంది. ఇక్కడ కావలసింది చురుకైన చూపు.

రెండో రకం ఊహించి చెప్పేది. వాన తక్కువైన ఏడాది ఎక్కువ ఇబ్బంది ఎవరికి? పాసేజ్‌లో ఈ మాట ఎక్కడా లేదు. పై చెరువు నిండాకే కింది దానికి నీరు వస్తుందని మాత్రం ఉంది. కాబట్టి గొలుసులో చిట్టచివరి చెరువు కింద సాగు చేసే రైతుకని చెప్పగలం. ఊహ అంటే తోచింది రాయడమని అనుకోకూడదు. పాసేజ్‌లోని ఏ వాక్యం మీద మన ఊహ నిలబడిందో వేలు పెట్టి చూపించగలగాలి.

మూడో రకం మాటల భావం. ఊరు చెరువును చూసుకుంటే చెరువు ఊరిని చూసుకునేదంటే ఏమిటి? చెరువుకు కళ్లు లేవు కదా! ఊరివారు పూడిక తీస్తే చెరువులో నీరు నిలిచేది, ఆ నీటితో పంటలు పండేవి అని విడమరచి రాయాలి.

నాలుగో రకం రచయిత ఉద్దేశం. నాలుగు ఆప్షన్లు ఇచ్చారనుకుందాం. ఒకటి, యంత్రాలు వాడకూడదు. రెండు, ప్రభుత్వ పథకం విఫలమైంది. మూడు, ఊరివారి పాత్ర లేకుండా పునరుద్ధరణ నిలవదు. నాలుగు, రామప్ప ప్రాంతానికి ప్రపంచ గుర్తింపు ఉంది. యంత్రాలు పూడిక తీయగలవని రచయితే చెప్పారు కాబట్టి మొదటిది పోయింది. పథకం మొదలైందన్న మాట తప్ప ఫలితం గురించి ఏమీ లేదు కాబట్టి రెండోదీ పోయింది. నాలుగోది చూడండి. రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన మాట నిజం. తెలుగువాళ్లం కాబట్టి ఆ సంగతి మనకు చప్పున గుర్తొస్తుంది, చెయ్యి అటే పోతుంది. పాసేజ్‌లో మాత్రం ఆ ఊసే లేదు. మిగిలిన మూడోదే సరైనది. లోకంలో నిజమైనదల్లా పాసేజ్‌కు సమాధానం అయిపోదు. తెలియని విషయం మీద వచ్చిన పాసేజ్ కన్నా బాగా తెలిసిన విషయం మీద వచ్చిన దానితోనే ఎక్కువ జాగ్రత్త పడాలి.

చిన్న మాటల బలం

పై పాసేజ్‌లో 'అయితే' అన్న చోట కథ మలుపు తిరిగింది. ఇంగ్లీషులో 'హౌఎవర్', 'బట్', 'ఆల్దో', 'యట్' అనే మాటలు ఈ పని చేస్తాయి. వాటి కింద పెన్సిల్‌తో గీత గీస్తే రచయిత ఎటు మళ్లారో తెలుస్తుంది. అలాగే 'ఆల్', 'ఓన్లీ', 'నెవర్', 'ఆల్వేజ్' వంటి మాటలు ఆప్షన్‌లో కనిపిస్తే ఒకసారి ఆగాలి. పాసేజ్ "చాలా చెరువులు" అంటే, ఆప్షన్ "అన్ని చెరువులు" అంటుంది. తేడా ఒక్క మాటే, పోయేది మాత్రం మార్కు.

అంకెల పాసేజ్

కేస్ ఆధారిత పాసేజ్‌లో పట్టిక కనిపిస్తే ముందు శీర్షిక, సంవత్సరాలు, కొలమానం చూడాలి. అంకెలు ఆ తరువాతే. ఉదాహరణకు జనగణన లెక్కలు తీసుకుందాం. భారతదేశంలో ఏడేళ్లు, అంతకు పైబడిన వారిలో స్త్రీల అక్షరాస్యత 2001లో 53.7 శాతం, 2011లో 64.6 శాతం. పురుషులది 75.3 నుంచి 80.9 శాతానికి చేరింది.

దీని నుంచి ఏం చెప్పగలం? స్త్రీల శాతం 10.9 పాయింట్లు పెరిగింది, పురుషులది 5.6. ఇద్దరి మధ్య తేడా 21.6 నుంచి 16.3 పాయింట్లకు తగ్గింది. ఇంతవరకూ పట్టిక మనతో వస్తుంది. "ఆడపిల్లల కోసం కొత్త బడులు కట్టడం వల్ల ఈ పెరుగుదల వచ్చింది" అని రాస్తే పట్టికను దాటిపోయినట్టే. కారణం అందులో లేదు. "చదవగలిగిన స్త్రీల సంఖ్య ఇంత" అని రాసినా అంతే. పట్టికలో ఉన్నవి శాతాలు, సంఖ్యలు కావు. 10.9 పాయింట్ల పెరుగుదలను 10.9 శాతం పెరుగుదల అని రాయడం కూడా సరికాదు. 53.7 మీద 10.9 అంటే సుమారు 20 శాతం.

వారానికి రెండు పాసేజ్‌లు

రోజుకు ఐదు పాసేజ్‌లు చేసి మార్కులు వేసుకుని పక్కన పెట్టేయడం కన్నా, వారానికి రెండు చేసి వాటిని పూర్తిగా తరచి చూడడం మాకు ఎక్కువ ఉపయోగపడుతోంది. ఒక పాసేజ్‌ను గడియారం పెట్టుకుని చేస్తాం. పరీక్ష మొదలయ్యే ముందు ప్రశ్నపత్రం చదువుకోవడానికి 15 నిమిషాలు ఇస్తారు కాబట్టి, పాసేజ్ మొత్తాన్ని ఒక్క ఊపున చదివే అలవాటు కోసం ఇది. రెండోదాన్ని గడియారం లేకుండా, ఇద్దరు ముగ్గురం కలిసి కూర్చుని చేస్తాం. ప్రతి సమాధానానికీ "ఏ వాక్యంలో ఉంది?" అని ఒకరినొకరు అడుగుతాం. వాక్యం చూపించలేకపోతే సమాధానం సరిపోయినా దాన్ని లెక్కలోకి తీసుకోం.

తప్పిన ప్రశ్న పక్కన కారణం ఒక్క మాటలో రాయాలి: మాట అర్థం, తొందర, సొంత ఊహ, అంకె, ప్రశ్న సరిగా చదవకపోవడం. నెల తిరిగేసరికి ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో చూస్తే ఎవరికి ఏ సాధన కావాలో తేలిపోతుంది. తొందర వల్ల తప్పుతున్నవారు పదాల జాబితా బట్టీ పట్టి లాభం లేదు.

రాయవలసిన జవాబుల్లో పాసేజ్ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దింపకుండా, దాని భావాన్ని అడిగిన పదాల మేరకు మన మాటల్లో చెప్పాలి. "ఎందుకు" అంటే కారణం రాయాలి, "ఎలా" అంటే పద్ధతి రాయాలి. రెండు కారణాలు అడిగితే రెండే రాయాలి.

సాధనకు కావలసిన సరుకు మన చుట్టూనే ఉంది. సీబీఎస్ఈ ఏటా నమూనా ప్రశ్నపత్రాలను, మార్కుల విధానాన్ని తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతుంది. లైబ్రరీ పీరియడ్‌లో ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం ఒక్కటి చదివి, దాని సారాన్ని తెలుగులో మూడు వాక్యాల్లో చెప్పి చూడండి. ఎక్కడ మాట తడబడిందో అక్కడే అర్థం కాలేదన్నమాట. యోజన పత్రిక ఇంగ్లీషులోనూ తెలుగులోనూ వస్తుంది. ఒకే విషయాన్ని రెండు భాషల్లో చదివితే రెండూ బలపడతాయి.

మన ఇళ్లలో ఇంకో మంచి పాసేజ్ ఉంటుంది. అదే పోస్టింగ్ ఆర్డర్. అమ్మానాన్నలను అడిగి పాతది ఒకటి చదవండి. 'విత్ ఇమీడియట్ ఎఫెక్ట్' అంటే వెంటనే అమల్లోకి వస్తుందని, 'అంటిల్ ఫర్దర్ ఆర్డర్స్' అంటే మళ్లీ ఉత్తర్వు వచ్చేదాకా అని అర్థం. 'షల్' ఉన్నచోట చేసి తీరాలి, 'మే' ఉన్నచోట చేయవచ్చు. ఆ ఒక్క మాటను బట్టి ఇంట్లో పెట్టెలు సర్దాలో వద్దో తేలుతుంది. చదివి అర్థం చేసుకోవడం ఎంత పెద్ద పనో అప్పుడు తెలుస్తుంది.

బోర్డు పరీక్ష అయిన వెంటనే సీయూఈటీ ఇంగ్లీషులోనూ పాసేజ్‌లే ఎదురొస్తాయి. ఆపైన కాలేజీ దరఖాస్తులు, హాస్టల్ నియమాలు, ఉద్యోగ ప్రకటనలు వస్తాయి. వాటి కింద సంతకం పెట్టేది మనమే. సంతకానికి ముందు ఆ కాగితం ఏమన్నదో, ఏమనలేదో తెలిసి ఉండాలి. ఆ అలవాటుకు ఈ వారమే రెండు పాసేజ్‌లతో మొదలుపెట్టండి.