గడప దాటిన ఇల్లాలి ఆరోగ్యం

చెయ్యి తెగితే పసుపు అద్దే అలవాటు మనకు తరతరాలుగా ఉంది. పసుపు పంటకు పేరుపడ్డ ఆర్మూరు ప్రాంతంలో అయితే చెప్పనే అక్కరలేదు. కాని భర్త కొట్టిన దెబ్బకు కూడా ఇంట్లోనే పసుపు అద్దుకుని, "జారిపడ్డాను" అని ఇరుగుపొరుగుతో చెప్పే సోదరీమణులు ఎందరో! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి సుమారు 37 మంది భర్త చేతిలో హింస చవిచూశారు. దేశం మొత్తం మీద ఇటువంటివారిలో సహాయం కోరినవారు నూటికి 14 మందే.

మిగిలినవారు ఎందుకు నోరు విప్పరు? సిగ్గు, భయం, పిల్లలు - ఇవన్నీ ఉన్నాయి. వీటి వెనక ఇంకో ప్రశ్న ఉంది: "ఈ రాత్రి గడప దాటితే ఎక్కడ పడుకోను?"

ఆర్మూరులో బీడీలు చుట్టే ఒక ఇల్లాలిని ఊహించుకోండి. దెబ్బలకు తాళలేక పిల్లలతో తల్లిగారింటికి వెళ్ళింది. నెల తిరక్కుండానే వదినగారి ముఖం మారింది. అక్కగారింట్లో పది రోజులు. కిరాయి గది కోసం తిరిగితే మొదటి ప్రశ్న, "మీ ఆయన ఏడీ?" చివరకు మళ్ళీ పాత గడపకే. పౌరుషం లేక కాదు, ఉండడానికి చోటు లేక.

ఇలా తిరిగే రోజుల్లో రక్తపోటు మాత్రలు, మధుమేహం మాత్రలు పాత ఇంటి అల్మారాలోనే ఉండిపోతాయి. గర్భిణి అయితే పరీక్షలు తప్పిపోతాయి. చంటివాడి టీకాలు వాయిదా పడతాయి. ఒకరింట్లో ఉంటున్నామని సగం కడుపుకే తినడం, నిద్ర పట్టకపోవడం, దాంతో తలనొప్పి, నీరసం. దీన్ని "నరాల బలహీనత" అనుకుని టానిక్కు సీసాలు కొనేవారున్నారు. డబ్బు దండగ!

కొన్ని దెబ్బలకు ఆలస్యం పనికిరాదు. గొంతు నులిమితే పైకి మచ్చ కూడా కనిపించకపోవచ్చు. అయినా గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా, ఆ క్షణంలో స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కొన్ని గంటల తర్వాత వాపు పెరిగి ఊపిరికే అడ్డు రావచ్చు. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత వచ్చినా, గర్భిణికి కడుపు మీద దెబ్బ తగిలినా అంతే. డాక్టరుకు నిజం చెప్పండి, చీటీలో రాయించండి. "జారిపడ్డాను" అంటే వైద్యం దారి తప్పుతుంది. రేపు కోర్టులో ఆ కాగితం మీకు అక్కరకు రాదు.

కోర్టు అన్నాను కనుక చెబుతాను. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. మీ పేరున గుంట భూమి లేకపోయినా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది. ఇల్లు అత్తమామల పేర ఉన్నా ఈ హక్కు వర్తించవచ్చునని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మేజిస్ట్రేటు కొట్టే భర్తనే బయటికి పొమ్మనవచ్చు, లేదా వేరే ఇంటికి అద్దె కట్టమనవచ్చు. 60 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా ఆచరణలో ఆలస్యమవుతుంది. అందుకే మధ్యంతర ఉత్తర్వు అడగండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఆ రాత్రికే చోటు కావాలంటే 181కి, ప్రాణం మీదికి వస్తే 112కి ఫోను చేయండి. నిజామాబాద్‌లోని 'సఖి' కేంద్రం వంటి చోట్ల కొద్ది రోజులు తలదాచుకోవచ్చు. ఆ తర్వాత ఆశ్రయ గృహాలున్నాయి.

వెళ్ళిపోతానని భర్తతో ముందుగా అనకండి. విడిపోయే వేళే హింస ముదిరే ప్రమాదం ఎక్కువ. నమ్మకమైన పక్కింటివారి దగ్గర ఒక సంచి ఉంచండి: ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, మందుల చీటీలు, నెలకు సరిపడా మాత్రలు, పిల్లల టీకాల కార్డు. బీడీ కార్మికురాలైతే గుర్తింపు కార్డు మరవకండి. ఏ ఇంట్లో ఉన్నా మీ పి.ఎఫ్. డబ్బు మీదే.