వగరును మచ్చిక చేసే పీపా: టిన్యానెల్లో

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్యనున్న కియాంతి క్లాసికో కొండలమీద పండే సాంజోవేజె అనే ఎర్ర ద్రాక్షలో పులుపూ వగరూ రెండూ దండిగా ఉంటాయి కాబట్టి, దాని వైన్ తొలినాళ్ళలో కాస్త కరకుగానే ఉంటుంది. ఆ కరకుదనం తగ్గడానికి అక్కడివారు చాలాకాలం తెల్ల ద్రాక్షను కలిపేవారు. 1967 నాటి కియాంతి నిబంధనలు ఆ అలవాటునే చట్టం చేసి, మిశ్రమంలో కనీసం 10 శాతం తెల్ల ద్రాక్ష ఉండితీరాలన్నాయి. దీనివల్ల వైన్ త్వరగా తాగడానికి వీలైనదిగా మారినా, పలచబడి, నిలవకు ఆగే శక్తిని పోగొట్టుకుంది.

1385 నుంచి వైన్ వ్యాపారంలో ఉన్న ఆంటినోరి కుటుంబానికి చెందిన పియెరో ఆంటినోరి, వైన్ శాస్త్రంలో నిపుణుడైన జాకొమో టాకిస్ తోడుగా, ఈ పద్ధతికి ఎదురు నడిచాడు. టిన్యానెల్లో అనే ఒకే తోట పంటతో 1970లో చేసిన వైన్ కియాంతి పేరుతోనే వచ్చినా, 1971 పంట నుంచి ఆ పేరును వదులుకుని, హోదాలో అన్నిటికన్నా కిందిదైన సాదా భోజనపు వైన్‌గా చెలామణీ కావడానికి సిద్ధపడింది. 1975 నాటికి తెల్ల ద్రాక్ష పూర్తిగా తొలగిపోగా, 1982 నుంచి సుమారు 80 శాతం సాంజోవేజె, 15 శాతం కాబర్నే సావిన్యాన్, 5 శాతం కాబర్నే ఫ్రాన్ అనే పాళ్ళు స్థిరపడ్డాయి. చివరి రెండూ ఫ్రెంచి రకాలు. నిబంధనలను పక్కనపెట్టి పుట్టిన ఇటువంటి టస్కనీ వైన్లకే ‘సూపర్ టస్కన్’ అన్న పేరు వచ్చింది. ప్రభుత్వం 1992లో కొత్త వర్గీకరణ తెచ్చాకగాని వీటికి చట్టంలో తగిన చోటు దొరకలేదు.

మిశ్రమం సంగతి అలా ఉంచితే, అసలు మార్పు పీపాలో జరిగింది. టస్కనీలో వాడుకలో ఉన్న భారీ పీపాలకు బదులు, 225 లీటర్లు పట్టే ‘బారీక్’ అనే చిన్న ఓక్ పీపాలలో ఈ వైన్‌ను ఏడాదికి పైగా ఉంచుతారు. పీపా చిన్నదయ్యేకొద్దీ ప్రతి లీటరుకూ తగిలే కలప ఎక్కువవుతుంది. పీపా కట్టేటప్పుడు లోపలివైపు నిప్పుసెగ చూపిస్తారు. ఆ వేడికి కలపలోని లిగ్నిన్ అనే పదార్థం విడిపోయి, వెనిలా సువాసననిచ్చే వెనిలిన్ పుడుతుంది. అంతకన్నా ముఖ్యమైనది గాలి చేసే పని. కలపగుండా, పలకల అతుకులగుండా అతి స్వల్పంగా చొరబడే ప్రాణవాయువు వల్ల, ద్రాక్ష తొక్కనుంచీ గింజలనుంచీ వచ్చిన టానిన్లు, అంటే నేరేడుపండు తిన్నప్పుడు నోరు పట్టేసే వగరు వంటిదాన్ని కలిగించే పదార్థాలు, రంగు పదార్థాలతో పెనవేసుకుంటాయి; అందువల్ల రంగు నిలబడుతుంది, వగరు మెత్తబడుతుంది. ఈ లెక్కన, గ్లాసు ఎత్తగానే పండు వాసనకన్నా ముందు కలప వాసనే గుప్పుమంటే, ఆ వైన్ ఎంత ఖరీదైనదైనా పీపాను అతిగా వాడినట్టే.

ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట యూరప్‌లోని చల్లని ఇళ్ళను బట్టి పుట్టింది. దీనికి 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతాయి గనుక, విజయవాడ ఎండల్లోనైతే తెరవబోయే సీసాను కొంతసేపు ఫ్రిజ్‌లో ఉంచవలసిందే. వయసు తక్కువ వైన్‌ను వెడల్పాటి గాజు కూజాలోకి వంచి గంటసేపు గాలి తగలనిస్తే సువాసనలు విచ్చుకుంటాయి. పాత సీసానైతే ఒకరోజు ముందే నిలబెట్టి, అడుగున చేరిన మడ్డి కదలకుండా నిదానంగా వంచాలి. గ్లాసులో మూడోవంతుకు మించి పోస్తే తిప్పి వాసన చూడడానికి చోటుండదు.

మాంసకృత్తులూ కొవ్వూ టానిన్లను పట్టి ఉంచి వగరును తగ్గిస్తాయి కాబట్టే, ఫ్లోరెన్స్‌లో దీని పక్కన నిప్పులమీద కాల్చిన మందపాటి గొడ్డుమాంసమో, గొర్రెపాలతో చేసే పెకొరీనో చీజో ఉంటుంది. మిరపకారం సంగతి వేరు: ఆల్కహాలు ఆ మంటను ఇంకా పెంచుతుంది కనుక, గుంటూరు కారం దట్టించిన కూరకన్నా మిరియాలతో మితంగా వేయించిన వేటమాంసమే దీనికి నప్పుతుంది. మొదటిసారి రుచి చూడదలచినవారు ఖరీదైన టిన్యానెల్లో జోలికి వెళ్ళేముందు మామూలు కియాంతి క్లాసికో ఒకటి తాగి చూడడం మేలు. సాంజోవేజె స్వభావం తెలిశాకే, దానిమీద కాబర్నే, పీపా చేసిన పని ఎంతో తెలుస్తుంది.