పురపాలక ఎన్నికలు — మన పేరెక్కడ నున్నది?

2021వ సంవత్సరము మార్చి 10వ తేదీన ఆంధ్రప్రదేశములోని పట్టణములందు పురపాలక ఎన్నికలు జరిగినవి. ఆనాడు మా పొరుగింటి యిల్లాలు వంట ముగించి, పిల్లలకు అన్నము పెట్టి, పదునొకండు గంటలకు బయలుదేరి, శాసనసభ యెన్నికలలో తాను వోటు వేసిన పాఠశాలకే పోయెను. చాలసేపు వరుసలో నిలిచి బల్ల యొద్దకు చేరగా, “అమ్మా, మీ పేరిక్కడ లేదు. మీ వార్డువారిది వేఱొకచోట” అని గుమాస్తా చెప్పెను. ఆ వేఱొకచోటెక్కడో చెప్పువారు కనబడలేదు. ఎండలో నింటికి మరలి వచ్చి చీటి వెదకగా, అది బియ్యపుడబ్బా మూతమీద పదిలముగ నున్నది! అందు వ్రాసిన కేంద్రము మా వీధి చివరనే. అప్పటికి అత్తగారికి మందువేళ యయ్యెను, పిమ్మట చుట్టములు వచ్చిరి, ఐదుగంటలు కొట్టెను. ఆ వార్డున గెలుపోటముల నడుమ తేడా వ్రేళ్లపై లెక్కింపదగినంత మాత్రమే యని మఱి నాలుగు దినములకు తెలిసినపుడు ఆమె ముఖము చూడలేకపోతిని.

సోదరీమణులారా! ఇది యామె తెలివిమాలినతనము కాదు. చదువుకొన్నవారే యిచట పొరబడుదురు. శాసనసభకును లోకసభకును ఎన్నికలు జరిపించునది కేంద్ర ఎన్నికల సంఘము. పురపాలక సంఘములకు జరిపించునది రాష్ట్ర ఎన్నికల సంఘము. 1993 జూన్ 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము వలన ఈ యేర్పాటు కలిగినది. శాసనసభకు సిద్ధపఱచిన జాబితానే తీసికొని, పట్టణమును వార్డులుగా విభజించి, ఏ యింటివారిని ఆ వార్డులో చేర్చి క్రొత్తగా వరుససంఖ్యలు వేయుదురు. కావున సంఖ్యయు మాఱును, కేంద్రమును మాఱవచ్చును. వెనుకటి యెన్నికలలో ఎక్కడ వేసితిమన్న జ్ఞాపకమును నమ్ముకొనరాదు. వార్డు జాబితాను ముందుగా పురపాలక కార్యాలయమున ప్రకటింతురు. కూరగాయలకు పోయినపుడే ఒక్క పావుగంట యచట నిలిచి మన పేరు, మన వార్డు చూచికొని వచ్చిన చాలును. మగవారిని పంపవచ్చునుగాని, వారు తమ పేరు కనబడగానే మరలి వచ్చుట నాకు స్వానుభవము.

వేళ విషయములోను ఇట్టి పొరపాటే కలుగును. 2020 జనవరి 22వ తేదీన తెలంగాణములోను, 2021లో ఆంధ్రప్రదేశములోను పురపాలక ఎన్నికలకు ఉదయము 7 గంటల నుండి సాయంత్రము 5 గంటల వఱకు పోలింగు జరిగినది. పల్లెలలో వేఱు. 2019లో తెలంగాణ గ్రామపంచాయతులకు మధ్యాహ్నము ఒంటిగంటకే ముగించిరి. పల్లెనుండి క్రొత్తగా పట్టణమునకు వచ్చినవారును, పట్టణమునుండి పల్లెకు పోయినవారును తమ పాత వేళనే తలచుకొని కూర్చుందురు. ఏ యెన్నిక వేళ ఆ యెన్నికకే ప్రకటింపబడును, దానినే చూడవలెను. నా మట్టుకు నేను ఉదయము కాఫీ కాగానే పోయి వత్తును. ఇంటిపని యెన్నడు ముగియును గనుక, ముగిసిన పిదప పోవుటకు?

అన్నిటికంటె ముఖ్యమైనది పేరు. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు వోటుహక్కు నంగీకరించెనుగాని, ఆస్తిపన్నుల నిబంధనల వలన అది బహుకొద్దిమందికే దక్కినది. స్వతంత్ర భారతమున వయస్సు వచ్చిన ప్రతి స్త్రీకిని హక్కు కలిగినది. అయినను 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లను జాబితానుండి తొలగింపవలసి వచ్చెను. కారణమేమందురు? ముఖ్యముగా ఉత్తరదేశమున అనేకులు తమ పేరు చెప్పక, “ఫలానివాని భార్య”, “ఫలానివాని తల్లి” యని మాత్రమే వ్రాయించుకొనిరి. పేరు లేనివారికి వోటు లేదని నాటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు నిశ్చయించిరి.

నేడు మనము పేరు చెప్పుటకు సిగ్గుపడము. కాని పెండ్లియైన పిదప ఆ పేరు పుట్టినింటనే నిలిచిపోవుచున్నది. కాపురమునకు వచ్చిన యేడేండ్లవఱకు నా పేరు మా నాయనగారి ఊరి జాబితాలోనే యుండెను! మకాము మాఱినవారు 8వ నెంబరు ఫారమును, క్రొత్తగా పదునెనిమిదేండ్లు నిండినవారు 6వ నెంబరు ఫారమును శాసనసభ జాబితాకొఱకే పెట్టుకొనవలెను. పురపాలక జాబితాకు వేఱుగా దరఖాస్తు లేదు. రెండుచోట్ల పేరుంచుకొనుట చట్టవిరుద్ధము. ఎన్నికల ప్రకటన వెలువడిన పిదప పరుగెత్తిన ఫలము లేదు. చేతిలో గుర్తింపుకార్డున్నది గదా యని ధీమాగా నుండరాదు. కార్డు మనమెవరమో చెప్పునేగాని, జాబితాలో పేరు లేనిచో వోటు నీయదు. ఇంటికి పంచు చీటియు అట్టిదే. అది దారి చూపును. గుర్తింపునకు కార్డో ఆధారో తీసికొనిపోవలెను.

పైన చెప్పిన పురపాలక ఎన్నికలు రెండును కాగితపు బ్యాలెట్లతోనే జరిగినవి. యంత్రమునకు అలవాటుపడిన వ్రేళ్లు కాగితము చూచి తడబడును. మన గుర్తునకెదురుగ ముద్ర నొక్కసారి వేసి, సిరా మఱియొక గుర్తుపై నంటకుండ మడిచి పెట్టెలో వేయవలెను. ఈ యెన్నికలో మనము వోటు వేయునది వార్డు సభ్యునికో సభ్యురాలికో మాత్రమే. అధ్యక్షుని సభ్యులే యెన్నుకొందురు. ఎవరికి వేయవలెనో నేను చెప్పబోను. మా యింటిలోనే మే మిరువురము వేఱువేఱుగా వేసిన సందర్భములున్నవి. నాటి భోజనమునకు లోటు రాలేదు.

ముగింపువేళకు వరుసలో నిలిచియున్నవారికి చీటులిచ్చి, ఎంత ప్రొద్దుపోయినను వోటు వేయనిత్తురు. తలుపు మూసిరని వెనుదిరుగవద్దు. మన పేరున నెవరో ముందే వేసి పోయిరని చెప్పినచో, కన్నీరు పెట్టుకొని రాక, అధికారిని “టెండరు వోటు” అడుగవలెను. మీరెవరో ఋజువైనచో వేఱొక బ్యాలెట్టు నిచ్చి, దానిని ప్రత్యేకమైన కవరులో భద్రపఱచెదరు.