ఎండలో ఆగిపోవు ఇంజను

కార్బురేటరు గల పాత పెట్రోలు కారును నేటికిని మమకారముతో నడుపుకొనువారు కలరు. అట్టి మా కారొకటి మండువేసవిలో నడిదారిని ఆగినది. అరగంట నీడనుంచగా బయలుదేరెను. రెండవమారు ఆగినది రైలుగేటు దాటిన మరుక్షణమే! ఇక ఉపేక్షింపరాదని మెకానిక్కునకు చూపితిమి. ప్లగ్గులు మార్చెను, కార్బురేటరు విప్పెను. డబ్బు పోయినది గాని రోగము పోలేదు.

ఇంజనునకు కావలసినవి మూడు: గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. వేడెక్కి ఆగి, చల్లారి కదలు ఇంజనున ముందుగా రెండింటిని అనుమానింపవలెను. మొదటిది ఇగ్నిషను కాయిలు; లోపలి తీగచుట్ట చెడినచో వేడికి రవ్వ ఆగిపోవును. రెండవది పెట్రోలు గొట్టము. పెట్రోలులోని తేలిక భాగములు 40 డిగ్రీల సెంటీగ్రేడునకు లోపుననే మరుగజొచ్చును. గొట్టమున ఆవిరి నిండినచో, ఇంజను ప్రక్కనుండు పంపు పెట్రోలును తోడజాలదు.

దోషమెచటనో తెలియుటకు ఇంజను ఆగిన క్షణమే తగిన సమయము. చల్లారినచో సాక్ష్యము మాయమగును. పెట్రోలు ఎచటను కారుటలేదని చూచుకొని, ప్లగ్గు వద్ద రవ్వ కలదేమో తెలిసినవారిచే పరీక్షింపజేయుడు. రవ్వయున్నచో పంపుపైనను గొట్టముపైనను తడిగుడ్డ కప్పుడు. వేడి ఇంజనుపై నీళ్లు గుమ్మరింపరాదు. కొద్ది నిమిషములలో ఇంజను అందుకొన్నచో ఆవిరియే కారణము.

మా కారున తేలినది ఇదియే. పొగగొట్టమునకు చేరువనున్న పెట్రోలు గొట్టమును దూరముగా మళ్లించి, నడుమ రేకు నిలుపగా పీడ విరగడయైనది.

నేటి కార్లలో సాధారణముగా పంపు టాంకులోనే యుండి పెట్రోలును ఒత్తిడితో నెట్టును. కావున ఈ చిక్కు అరుదు. అయినను సూత్రమొక్కటే: ఇంజను విప్పుటకు ముందు, అది ఎప్పుడు ఆగుచున్నదో గమనింపుడు.