నరం పట్టిందా, పొర పట్టిందా?

మా కల్హేర్‌లో పత్తి ఏరే రోజుల్లో సాయంత్రమైతే చాలు, "నడుం గుంజుతుంది బిడ్డా, జర ఒత్తు" అనే మాట వినబడుతుంది. ఇక్కడ హాస్టల్లో పరీక్షలు దగ్గరపడితే మన మాట "మెడ పట్టేసిందిరా". ఊళ్లో దీన్ని 'నరం పట్టింది' అంటారు. మందు అందరికీ తెలిసిందే: కాస్త నూనె, ఒక మంచి చెయ్యి. మరి ఆ చెయ్యి లోపల ఏం చేస్తుంది?

చికెన్ కడిగేటప్పుడు కండ మీద సన్నటి తెల్లని పొర చూసే ఉంటారు. దాని పేరు ఫాసియా. మన ఒంట్లోనూ ప్రతి కండనూ చుట్టి, పక్క కండతో కలుపుతుంది. ఎక్కువ భాగం కొల్లాజెన్ పీచే. పొరల మధ్య హయలురోనన్ అనే జిగురు లూబ్రికెంట్‌లా పనిచేస్తుంది. కదలిక తగ్గితే అది చిక్కబడి, పొరలు సాఫీగా జారవని కొందరు పరిశోధకుల ఆలోచన. నొప్పిని పసిగట్టే నరాల కొసలు కూడా ఈ పొరలో ఉంటాయి.

అమెరికాలో ఐడా రోల్ఫ్ అనే బయోకెమిస్ట్, ఈ పొరను చేత్తో నొక్కి మెత్తబరిచి సాగదీయవచ్చని నమ్మి 'రోల్ఫింగ్' పద్ధతి తెచ్చారు. మనం ఇంజనీరింగ్ వాళ్లం కదా, లెక్క అడగాలి. 2008లో హన్స్ చౌధరి బృందం ఆ లెక్కే వేసింది. తొడ పక్కన, అరికాలులో ఉండే గట్టి పొరల్లో ఒక్క శాతం స్ట్రెయిన్ రావాలన్నా మనిషి చెయ్యి పెట్టగలిగే బలం చాలదని తేలింది. ముక్కు దగ్గరి మెత్తటి పొర మాత్రం కొంత లొంగుతుంది.

మరి హాయిగా ఎందుకుంటుంది? నిదానంగా నొక్కినప్పుడు చర్మంలో, పొరలో ఉన్న నరాలు మెదడుకు కబురు పంపుతాయి. మెదడు బిగువు తగ్గిస్తుంది, నొప్పి మందగిస్తుంది. ఇది ఇప్పుడు ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ. అంటే చెయ్యి పొరను సాగదీయట్లేదు, నరాలకు నచ్చజెబుతోంది. అందుకే ఆ హాయి ఎక్కువసేపు నిలవదు. ఒత్తించుకున్నాక లేచి మెడ, భుజాలు తిప్పకపోతే రేపు మళ్లీ అదే కథ.

ఒత్తేవాళ్లకు రెండు మాటలు. బలం చూపించొద్దు. అరచేతితో ఒకటి రెండు నిమిషాలు నిదానంగా నొక్కి ఉంచండి, వెన్నుపూస మీద మాత్రం వద్దు. అవతలివాళ్లు ఊపిరి బిగబట్టారంటే ఎక్కువ నొక్కుతున్నట్టే.

సెలూన్‌లో మెడ 'టక్'మనిపించడం మాత్రం అసలే వద్దు. అరుదుగానే అయినా మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పిపుడితే ఒత్తకండి, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. చెయ్యో కాలో తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా, నొప్పితో జ్వరం వచ్చినా నూనె సీసా పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.