పండుగ గడచిన పిమ్మట గృహమునందలి వెచ్చదనము

క్రిస్మసు గడచినది, సంక్రాంతియు గడచినది. కాగితపు నక్షత్రమును దింపి అటుకపై భద్రపరచితిమి. గుమ్మమునకు కట్టిన మామిడాకులు ఎండిపోయినవి. చుట్టములు ఎవరి యూళ్లకు వారు వెడలిరి. పెద్దపిల్లలు వసతిగృహములకు మరలిరి. చలిమాత్రము వారితో పోలేదు. నిన్నటివరకు కలకలలాడిన యిల్లు నేడు చిన్నవోయినట్లును, మునుపటికంటె చల్లబడినట్లును తోచును. ఇది కేవలము మనస్సునకు దోచు భ్రమ కాదు. ఊరక కూర్చున్న మనుష్యుని శరీరమునుండి దాదాపు 100 వాట్ల వేడిమి వెలువడుచుండునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. పదిమంది బంధువులు వెడలినచో 1000 వాట్ల పొయ్యి యొకటి ఇల్లు వెడలినట్లే. కాబట్టి పండుగ తరువాతి వారములలో ఇంటిని వెచ్చగా నుంచుకొను విధమును గూర్చి మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కొన్ని సంగతులు విన్నవింప దలచితిమి.

మన యిండ్లు తరచుగా వేసవిని తలంచి కట్టబడినవి. ఎత్తైన కప్పు, గాలివచ్చు కిటికీలు, చలువనిచ్చు బండనేల మే నెలలో మేలు చేయును గాని జనవరిలో మనకు ఎదురు తిరుగును. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున నున్న లంబసింగివంటి మన్యపు గ్రామములందును, ఆదిలాబాదు ప్రాంతమందును చలి గడ్డుగా నుండును. ఆదిలాబాదులో కొన్ని యేండ్లు రాత్రివేళ ఉష్ణత 5 డిగ్రీలకంటె తగ్గుట కలదు. కోస్తా మండలములందు అంత చలి లేకున్నను, పెంకుల సందులనుండి దూరు తెల్లవారుజాము గాలి ముసలివారిని, పసివారిని బాధించుటకు చాలును. చలిదేశముల యిండ్లలో లోపలి ఉష్ణత 18 డిగ్రీలకు తగ్గకుండుట ఆరోగ్యకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించెను.

మొట్టమొదట తెలిసికొనవలసిన దేమనగా, దుప్పటి వేడిని పుట్టింపదు. వేడిని పుట్టించునది మన దేహమే. దుప్పటి దానిని పోనీయక పట్టియుంచును. కదలక నిలిచియున్న గాలిగుండ వేడి సులభముగా దాటిపోజాలదు. ఉన్నిపోగుల నడుమను, బొంత పొరల నడుమను చిక్కుకొనిన గాలియే మనకు కావలి కాయును. అందుచేత ఒక దళసరి దుప్పటికంటె రెండు పలుచని దుప్పట్లు ఒకదానిపై నొకటి కప్పుకొనుట తరచుగా మేలు. మన అవ్వలు పాతచీరలను పొరలుపొరలుగా పేర్చి బొంతలు కుట్టుటలో ఈ శాస్త్రమే యున్నది. తెలంగాణమున కురుమలు దక్కను గొఱ్ఱెల నల్లని యున్నితో నేయు గొంగడియు నిట్టిదే.

పలువురు మరచు సంగతి మరియొకటి కలదు. చలి పైనుండియే గాక క్రిందినుండియు తగులును. నులకమంచము క్రింద గాలి ధారాళముగా ఆడును గనుక వేసవిలో సుఖమే; శీతకాలమున మాత్రము ఒక బొంత పైన కప్పుకొనుటకు ముందు మరియొకటి క్రింద పరచుకొనవలెను. నేలపై పరుండువారు చాపక్రింద గోనెపట్టాయో ఎండుగడ్డియో వేసికొనవలెను. బండనేలయు దానిపైనున్న చాపయు ఒకే ఉష్ణత గలవైనను, రాయి పాదమునందలి వేడిని త్వరగా లాగుకొనును. చాప నెమ్మదిగా లాగుకొనును. బాలబాలికలు దీనిని తమ పాదములతోనే పరీక్షించి చూడవచ్చును.

రెండవ సహాయము వెల లేక దొరకు సూర్యరశ్మి. ఈ మాసములలో సూర్యుడు దక్షిణపు దిక్కునకు వాలి సంచరించును. డిసెంబరు 22వ తేదీ ప్రాంతమున రాజమహేంద్రవరములో మధ్యాహ్నమందు సైతము దిగంతమునుండి సుమారు 50 డిగ్రీల యెత్తునకే వచ్చును. కాబట్టి దక్షిణపు కిటికీనుండి ఎండ గదిలో చాలదూరము ప్రాకును. ప్రొద్దెక్కిన తరువాత ఆ కిటికీలను తెరచి, సూర్యాస్తమయమునకు ముందే మూయవలెను. పరుపులను, బొంతలను పగటియెండలో ఆరవేసి, మంచు దిగకముందే లోపలికి తీసికొనవలెను. చెమ్మగిల్లిన బొంత వేడిని నిలుపజాలదు.

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతి. చలికి తాళలేక కొందరు బొగ్గుల కుంపటిని పడకగదిలో నుంచి, తలుపులు బిగించి పరుండుదురు. ఇట్లు నిద్రించినవారు మరల లేవకపోయిన ఉదంతములు మన దేశపు వార్తాపత్రికలలో శీతకాలమందు పలుమారులు కనబడినవి. చాలినంత గాలి లేక బొగ్గు కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగయే కనబడని ఎఱ్ఱని నిప్పులనుండియు అది వెలువడును. మన రక్తమునందు ప్రాణవాయువును మోయు హెమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, తలతిరుగుట, కడుపులో వికారము, మత్తు దాని లక్షణములు. నిద్రలో నున్నవానికి ఇవియు తెలియవు. కాబట్టి కుంపటి ముంగిటనే యుండవలెను. పడకగదిలోనికి ఎన్నడును రాకూడదు. కిటికీ కొంచెము తెరచితిమి గదా యని ధైర్యపడరాదు. మూసిన స్నానపుగదిలో మండు గ్యాసు గీజరు విషయమునను ఇదే జాగ్రత్త వలయును. ఎవరికైనను ఈ లక్షణములు కనబడినచో వెంటనే బయటిగాలిలోనికి తెచ్చి, 108కి ఫోను చేయవలెను.

ఇంటిలోని వెచ్చని చోటు ఎవరికి చెందవలెను? బలహీనులకే. చంటిబిడ్డ దేహము తన వేడిని త్వరగా కోల్పోవును. 1978లో కొలంబియా దేశపు రాజధానియగు బొగొటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు, శిశువులనుంచు వేడిపెట్టెలు చాలని ఆసుపత్రిలో, నెలలు నిండక పుట్టిన బిడ్డలను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తాకునట్లు ఉంచు పద్ధతిని ప్రారంభించెను. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థయు దీనిని సిఫారసు చేయుచున్నది. యంత్రములు లేని పేదగృహమునందును ఈ వెచ్చదనము కలదు. వృద్ధులన్ననో, తమకు చలియని చెప్పుకొనరు. "నాకేమి, బాగుగనే యున్నాను" అందురు. వారి మాటను నమ్మక చేతులను తాకి చూడవలెను. తలుపు దగ్గర గాలికి నున్న వారి మంచమును లోపలి గోడప్రక్కకు జరిపి, తలకు కుళ్లాయి, కాళ్లకు మేజోళ్లు తొడిగి, పరుండుటకు ముందు వేడి రాగిజావయో మిరియాల పాలో ఇయ్యవలెను.

పండుగనాటి దీపములను వీధిలో పోవువారు చూచుటకై వెలిగించితిమి. ఇప్పటి దీపము ఇంటివారికొరకైనది. నలుగురు నాలుగు గదులలో కూర్చున్నయెడల నాలుగు గదులును చల్లగానే యుండును. ఆ నలుగురే యొక చిన్నగదిలో చేరినచో వారి దేహముల వేడియే దానిని కొంత కాచును. పసుపువన్నె దీపమొకటి వెలిగించి, అచ్చటనే పిల్లలు పాఠములు చదువుకొనవచ్చును. పెద్దలు చేతిపని చేసికొనవచ్చును. సాయంకాల ప్రార్థనయు అచ్చటనే జరుగవచ్చును. ఆ ప్రార్థనలో ఇల్లు విడిచిపోయిన బిడ్డ పేరు తలంతుము గదా. ఆ బిడ్డ పెట్టెలో అరిసెలతోబాటు బొంతయు పెట్టితిమా యని కూడ తలంపవలెను. లేనియెడల ఈ వారమే పంపవలెను.

మోషే ధర్మశాస్త్రమున నొక విధి కలదు. బీదవాని పైవస్త్రమును తాకట్టు పట్టినవాడు ప్రొద్దుగ్రుంకకముందే దానిని వానికి మరల నియ్యవలెను. రాత్రి కప్పుకొనుటకు వానికి వేరొకటి లేదు. మనము ఎవరి వస్త్రమును తాకట్టు పట్టలేదు, నిజమే. కాని మన పెట్టెలలో ఏండ్ల తరబడి ఎవరును కప్పుకొనని దుప్పట్లు మడతలు విప్పక యున్నవి. క్రిస్మసునాడు దుప్పట్లు పంచువారు అనేకులు కలరు. జనవరి చివర రాత్రికావలివానిని, ఊరిచివర పాకలోని కూలివారిని తలంచువారు కొందరే. బాలబాలికలారా, మీ తల్లి సెలవు తీసికొని నేడు ఆ పెట్టె తెరచి చూడుడు. అందు పనికివచ్చు దుప్పటి యొకటి దొరకినచో, ప్రొద్దుగ్రుంకకముందే దానిని చేరవలసినవారికి చేర్చుడు.