డీజిల్ జీపుకి గేర్లు, కమాన్లు: లెక్క టైరు దగ్గర మొదలవ్వాలి

పాత పెట్రోలు జీపుకి డీజిల్ ఇంజిన్ బిగించడం మన దేశంలో కొత్త సంగతి కాదు. మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన సీజే-3బీ నమూనాలోని ‘హరికేన్’ పెట్రోలు ఇంజిన్ గట్టిదే, కానీ తాగుడెక్కువ. డీజిల్ చవగ్గా దొరికిన రోజుల్లో చాలామంది ఆ ఇంజిన్‌ను దించేసి వ్యాన్లదో, మరో జీపుదో డీజిల్ ఇంజిన్ ఎక్కించుకున్నారు. అలాంటి బండ్లను బాగుచేయించి కొండదారుల్లో తిప్పుకోవాలన్న సరదా ఇప్పటికీ ఉంది.

సరదాపడే ముందు చట్టం సంగతి తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం (1988) సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అందుకని ఇంజిన్ మార్పు నమోదైన బండినే ఎంచుకోవాలి. లేదా పనికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, అనుమతి దొరికితేనే ముందుకెళ్ళాలి.

ఇక అసలు విషయం. బిలాస్‌పూర్ నెహ్రూ నగర్ నుంచి అమరకంటక్ వైపు బయల్దేరిన జీపునే తీసుకుందాం. కోటా వరకూ దాదాపు చదును నేల. తర్వాత అచానక్‌మార్ అడవి, ఆపైన కనుమ దారి. (అభయారణ్యంలో రోడ్డు దిగి బండి నడపడానికి వీల్లేదని వేరే చెప్పక్కర్లేదు.) ఈ జీపు చదును మీద లారీల మధ్య గంటకు 60 కిలోమీటర్లతో హాయిగా పోవాలి. రాళ్ళ మీద మనిషి నడకకంటే నెమ్మదిగా పాకాలి. ఒకే ఇంజిన్‌తో రెండు పనులు.

బిలాస్‌పూర్‌లో ఎందరో తెలుగువాళ్ళకి అన్నం పెట్టిన రైల్వే ఈ చిక్కును ఎప్పుడో తేల్చుకుంది. డబ్ల్యూడీఎమ్-3ఏ, డబ్ల్యూడీజీ-3ఏ డీజిల్ లోకోల్లో ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన 16 సిలిండర్ల ఇంజిన్. ప్యాసింజర్ బండ్లు కూడా లాగే మొదటిదానికి చక్రం దగ్గర పళ్ళ నిష్పత్తి 65:18, గూడ్సు కోసం చేసిన రెండోదానికి 74:18. చేసే పనిని బట్టి ఇంజిన్‌ను వదిలి ఇరుసు దగ్గరి పళ్ళను మార్చారు. జీపులో ఈ పని క్రౌన్-పినియన్‌ది.

లెక్క వేద్దాం. సీజే-3బీ టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.2 మీటర్లు సాగుతుంది. క్రౌన్-పినియన్ నిష్పత్తి 5.38. టాప్ గేరులో ఇంజిన్ 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పెట్రోలు ఇంజిన్ నిమిషానికి 4000 చుట్లు తిరగగలదు కాబట్టి గంటకు 98 కిలోమీటర్ల వేగం దాకా వీలుంది. అదే చోట 3200 చుట్లకే ఊపిరి అయిపోయే డీజిల్ ఇంజిన్ పెడితే 78 దగ్గర ఆగిపోతుంది. 60లో పోతున్నప్పుడే అది 2450 చుట్లు తిరుగుతూ చెవులు హోరెత్తిస్తుంది. “డీజిల్ పెట్టాక బండి పరిగెత్తడం లేదు” అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఇంజిన్ మీద అనుమానంతో పంపు విప్పించుకోవడం దండగ.

క్రౌన్-పినియన్‌ను 4.27కి మారిస్తే 60 వేగానికి 1940 చుట్లు చాలు. మరి కొండెక్కేటప్పుడు బలం తగ్గదా? ఇక్కడే గేర్‌బాక్స్ ఆదుకుంటుంది. పాత మూడు గేర్ల బాక్సులో మొదటి గేరు 2.8, ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు 2.46, ఇరుసు 5.38. గుణిస్తే 37. మొదటి గేరు 4 ఉన్న నాలుగు గేర్ల బాక్సు పెట్టి, ఇరుసును 4.27 చేస్తే 42 వస్తుంది. నిమిషానికి 800 చుట్ల దగ్గర మొదటిది గంటకు 2.9 కిలోమీటర్లతో పాకితే, రెండోది 2.5తో పాకుతుంది. రోడ్డు మీద వేగం, రాళ్ళ మీద నిదానం రెండూ పెరిగాయి. ఒక్క జాగ్రత్త: ముందు ఇరుసు, వెనక ఇరుసు నిష్పత్తులు ఒకటే ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ వేసి గట్టి నేల మీద నడిపితే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి లాక్కుని ఏదో ఒకటి విరుగుతుంది.

వీలైతే ఇంజిన్‌తో పుట్టిన గేర్‌బాక్స్‌నే వెంట తెచ్చుకోవడం మేలు. డీజిల్ ఇంజిన్ బలం ఒకే ధారగా రాదు, గుద్దుల్లా వస్తుంది. నాలుగు సిలిండర్లదైతే చుట్టుకు రెండు గుద్దులు. వాటిని మింగడానికే దాని ఫ్లైవీల్ బరువుగా ఉంటుంది, క్లచ్ ప్లేటులో చిన్న స్ప్రింగులు ఉంటాయి. పెట్రోలు క్లచ్‌తో సరిపెడితే ఆ దెబ్బలన్నీ గేర్ల పళ్ళకి తగులుతాయి.

యాక్సిల్ రాడ్డు తట్టుకుంటుందా అనే భయం సహజమే. 180 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 42తో గుణిస్తే 7560. కానీ 1400 కిలోల జీపు నాలుగు చక్రాలతోనూ పట్టు బాగున్న నేల మీద వాడుకోగలిగేది సుమారు 3400 న్యూటన్ మీటర్లే. ఆపైన చక్రం జారుతుంది. అంటే బురద ఒక రకంగా ఫ్యూజు లాంటిది. రాడ్డు విరిగేది గాలిలో గిరగిరా తిరుగుతున్న చక్రం హఠాత్తుగా రాయిని పట్టుకున్నప్పుడు. పెద్ద టైర్లు వేస్తే పట్టు పెరుగుతుంది, చక్రం వ్యాసార్థం కూడా పెరుగుతుంది. ఇరుసు మీద భారం రెండు వైపుల నుంచీ ఎక్కువవుతుంది. పైగా పైన వేసిన లెక్కలన్నీ తారుమారవుతాయి. ఇంజిన్ కంటే ముందు టైరు సైజు ఖాయం చేసుకోమనేది అందుకే.

దిగేటప్పటి సంగతి వేరు. డీజిల్‌లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఇంజిన్ బాగా ఆపుతుందని చాలామంది నమ్మకం. నిజానికి నొక్కిన గాలి స్ప్రింగులా తిరిగి పిస్టన్‌ను నెట్టేస్తుంది, ఖర్చయ్యేది కొంతే. పెట్రోలు ఇంజిన్‌లో యాక్సిలరేటర్ వదిలితే గాలి దారి మూసుకుపోయి, పిస్టన్లు శూన్యాన్ని లాగుతూ బండిని ఆపుతాయి. మామూలు పాత డీజిల్‌కి ఆ మూత లేదు. లారీలకు విడిగా ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టేది ఇందుకే. కాబట్టి కనుమ దిగేటప్పుడు మన జీపును ఆపేది ప్రధానంగా లో గేరు నిష్పత్తే. ఆ 42 ఎక్కడానికంటే దిగడానికే ఎక్కువ అవసరం. బండి బరువూ పెరిగింది కాబట్టి బ్రేకులను పాతవాటితో సరిపెట్టకూడదు.

కమాన్ పట్టీల దగ్గర జరిగే తప్పు దీనికి పూర్తిగా వేరు. ముక్కు బరువెక్కిందని అదనంగా పట్టీలు వేయించేస్తారు. ముందు ఇరుసు మీద బరువు 50 కిలోలు పెరిగిందనుకుందాం, పక్కకు 25. ఒక్కో కట్ట 30 కిలోలకు ఒక సెంటీమీటరు కుంగేదైతే, బండి దిగేది 8 మిల్లీమీటర్లే. దానికోసం కట్టను బిరుసు చేస్తే పోయేది పట్టు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే బలం ఇస్తుంది. ఒక చక్రం గాలిలోకి లేస్తే దానికి అందేది దాదాపు సున్నా, నేల మీదున్న రెండోదానికీ అంతే. మెత్తటి కమాన్ చక్రాన్ని గుంటలోకి దించి నేలను వదలనివ్వదు. చక్రాలు నేల మీదే ఉంటే లాకర్ అవసరం చాలామటుకు తగ్గుతుంది.

పట్టీ బిరుసుతనం దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీకి బదులు 7.5ది వేస్తే బిరుసు దాదాపు రెట్టింపు. బరువు మోయాలంటే ఒక మందపాటి పట్టీ కంటే ఎక్కువ పలచటి పట్టీలు, వాటికి తగిన షాకబ్జర్లు మంచివి.

బండిని ఎత్తు చేయాలన్న మోజుకు ప్రొపెల్లర్ షాఫ్ట్ అడ్డొస్తుంది. జీపు రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు రెండు మీటర్లే. పొడవైన గేర్‌బాక్స్ పెట్టగానే వెనక షాఫ్ట్ పొట్టిదవుతుంది. పైగా బండిని ఎత్తితే దాని వాలు ఇంకా నిటారవుతుంది. మెకానిక్కులు క్రాస్ అనే యూనివర్సల్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు ఒక చుట్టులోనే రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. పది డిగ్రీల వంపులో తేడా అటూ ఇటూ ఒకటిన్నర శాతం. ఇరవై డిగ్రీల్లో ఆరు శాతం. షాఫ్ట్ రెండు చివర్లా వంపు సమానంగా ఉంటే ఒకదాని ఊపును మరొకటి రద్దు చేస్తుంది, లేకపోతే గేర్‌బాక్స్ వెనక బేరింగు అరిగిపోతుంది. అందుకని ఎత్తు పెంచడాన్ని చివరికి వదిలేసి, ముందు ఇంజిన్ బిగించిన బండిని వే బ్రిడ్జి మీదకు తీసుకెళ్ళాలి. బొగ్గు లారీలు తిరిగే బిలాస్‌పూర్ పరిసరాల్లో వాటికి కొదవ లేదు. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, మొత్తం బండితో మరోసారి తూకం వేయించి, ఆ రెండు అంకెలతో కమాన్లు చేసేవారి దగ్గరకు వెళ్ళాలి.